‘ద్వారా’ చాటున కర్త: ఇంగ్లీషు ‘బై’కి తెలుగు సమానార్థకాల సమస్య

ఇంగ్లీషులో ‘బై’ అనే ప్రిపొజిషన్ కర్తను సూచిస్తుంది. సాధనాన్ని, ప్రయాణ విధానాన్ని, సామీప్యాన్ని, గడువును, పరిమాణ భేదాన్ని కూడా సూచిస్తుంది. తెలుగు ఈ పనులన్నిటినీ ఒక్క మాటకు అప్పగించలేదు. ‘బస్సులో వచ్చాడు’, ‘చేత్తో కుట్టిన రవిక’, ‘కిటికీ పక్కన కూర్చుంది’, ‘సోమవారంలోగా ఇవ్వాలి’, ‘రెండు అంగుళాల మేర పెరిగింది’, ‘తిక్కన రచించిన పర్వాలు’ అనే ప్రయోగాలను చూడండి. ఇంగ్లీషులో వీటన్నిటికీ ‘బై’ చాలు. తెలుగులో ఇవి ఆరు వేర్వేరు నిర్మాణాలు. చివరి ప్రయోగంలో కర్తకు విభక్తి ప్రత్యయమే లేదు. ‘రచించిన’ అనే క్రియాజన్య విశేషణమే ఆ సంబంధాన్ని నిర్వహించింది.

ఈ వైవిధ్యాన్ని పక్కకు నెట్టి అనువాద వచనంలోనూ, పాలనా పత్రాల్లోనూ, చివరకు మన సిద్ధాంత గ్రంథాల్లోనూ ‘ద్వారా’ ఒక్కటే ‘బై’కి ప్రతినిధిగా స్థిరపడుతున్నది. దీన్ని కేవలం శైలీదోషంగా భావించి ఉపేక్షించడం తగదు. ఇది అర్థదోషం, కొన్ని సందర్భాల్లో బాధ్యతను మరుగుపరిచే దోషం.

‘ద్వారా’ సంస్కృత పదమన్నది ఇక్కడ ఆక్షేపణ కాదు. ఆ పదానికి తెలుగులో నిర్దిష్టమైన అర్థం ఉంది. ఒకరి పని మరొకరి మీదుగానో, మరొక వస్తువు మీదుగానో సాగడాన్ని అది చెబుతుంది. మధ్యవర్తి ద్వారా కబురు పంపుతాం. మలేరియా ప్లాస్మోడియం అనే పరాన్నజీవి వల్ల వస్తుంది, ఆడ అనాఫిలిస్ దోమ ద్వారా వ్యాపిస్తుంది. ఈ వాక్యంలో ‘వల్ల’ హేతువును, ‘ద్వారా’ వాహకాన్ని చెబుతున్నాయి. రెండు చోట్లా ‘ద్వారా’ అనే రాస్తే వ్యాధికి కారణమేదో, వాహకమేదో వాక్యం చెప్పలేదు.

ఇదే గందరగోళం పాలనా భాషలో మరింత ప్రమాదకరం. ‘తహసీల్దారు ద్వారా పట్టా రద్దు చేయబడింది’ అనే వాక్యాన్ని ఊహించండి. రద్దు చేసినవాడు తహసీల్దారా? పైఅధికారి నిర్ణయాన్ని అతడు అమలు మాత్రమే చేశాడా? తెలుగు వ్యవహారం ప్రకారం రెండో అర్థమే ముందు స్ఫురిస్తుంది. రాసినవారి ఉద్దేశం మొదటిది. అప్పీలు చేసుకోవలసిన రైతుకు ఈ తేడా వ్యాకరణ చర్చ కాదు. ‘తహసీల్దారు పట్టా రద్దు చేశారు’ అంటే సందేహానికి తావే లేదు. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. పాలన తెలుగులో సాగాలన్న ఆశయం లిపి మార్పుతో నెరవేరదు. చేసినవారెవరో చదివినవారికి తెలియాలి.

కర్మను ముందు చెప్పవలసినప్పుడు కర్మణి ప్రయోగం తప్పదని కొందరంటారు. ఇంగ్లీషుకు అది నిజం. తెలుగులో ద్వితీయా విభక్తి ఉండగా పదక్రమానికి స్వేచ్ఛ ఉంది. ‘ఈ తీర్పును హైకోర్టు కొట్టివేసింది’ అన్నప్పుడు తీర్పు ముందుకు వచ్చింది, క్రియ మారలేదు, కర్త చెదరలేదు. కర్త ఎవరో తెలియనప్పుడు ‘తలుపు పగలగొట్టారు’ అనే బహువచన క్రియ ఎలాగూ ఉంది.

భాష మారుతుంది, వ్యవహారమే ప్రమాణం అన్నది రెండో వాదం. గిడుగు రామమూర్తి పక్షాన నిలిచేవారెవరూ ఆ సూత్రాన్ని కాదనరు. అయితే వ్యవహారాన్నే అడుగుదాం. ‘బస్సు ద్వారా వచ్చాను’, ‘నాన్న ద్వారా తిట్టబడ్డాను’ అని ఇంట్లో ఎవరంటారు? ఈ ప్రయోగాలు వాడుక నుంచి పుట్టినవి కావు. నిఘంటువును పక్కన పెట్టుకుని మాటకు మాట అతికించడంవల్ల పుట్టినవి. వ్యావహారిక వాదం వీటికి రక్షణ కాజాలదు.

సంప్రదాయ వ్యాకరణాన్ని ఆశ్రయించినా ఫలితం ఇదే. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి తృతీయకు చేత, చేన్, తోడ, తోన్ అన్నవాటినీ, పంచమికి వలన, కంటె, పట్టి అన్నవాటినీ చెప్పాడు. ఆ జాబితాలో ‘ద్వారా’ లేదు. సంస్కృతంలో కర్తకూ కరణానికీ తృతీయ ఒకటే అన్న మాట నిజమే. కాని ‘ద్వారా’ను కర్తకు ప్రత్యయంగా నిలపడానికి ఆ సామ్యం కూడా ఆధారం కాదు.

కాబట్టి చేయవలసిన పని స్పష్టం. ద్విభాషా నిఘంటువులు ‘బై’ ఎదుట సమానార్థకాలను కామాలతో పేర్చడం మాని, సంబంధాల వారీగా ఉదాహరణ వాక్యాలతో ఇవ్వాలి. అనువాద బోధన ‘ఈ మాటకు తెలుగేమిటి?’ అన్న ప్రశ్నతో కాక, ‘చేసిందెవరు, దేనితో, ఎందువల్ల, ఎవరి మీదుగా?’ అన్న ప్రశ్నలతో మొదలు కావాలి. సిద్ధాంత గ్రంథాలను పరిశీలించే ఆచార్యులు అక్షరదోషాలతో పాటు ఈ దోషాన్నీ గుర్తించాలి. ‘పరిశోధకుని ద్వారా నిరూపించబడింది’ అనే వాక్యాన్ని తెలుగు శాఖ ఆమోదిస్తే, పాలనా పత్రాలు రాసేవారిని తప్పుపట్టే అర్హత మనకు మిగలదు.