వీడర్ ఇంజన్ పట్టేస్తే బండినే అమ్మేయాలా?

ఈసారి పురుగు గురించి కాదు, ఇనుము గురించి రాస్తున్నాం.

కొమ్మ కోత అయిపోయిన మల్బరీ తోటలో సాళ్ల మధ్య దున్నుతుంటే మా పెట్రోల్ వీడర్ కీచుమని అరిచి ఆగిపోయింది. తాడు లాగితే కదల్లేదు. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూస్తే పొడిగా ఉంది. తప్పు మాదే. పెట్రోల్ రోజూ పోస్తాం, ఆయిల్ ఎవరు చూస్తారు?

ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్ కింద చిన్న గరిటెలాంటిది ఉంటుంది, అదే తిరుగుతూ ఆయిల్‌ను పైకి చిమ్ముతుంది. పోసేదే అర లీటరు, ముప్పావు లీటరు. అందులో కొంత తగ్గి, గట్టు మీద బండి ఒక పక్కకు వాలిందంటే గరిటెకు ఆయిల్ అందదు. రాడ్ వేడెక్కి క్రాంక్‌కు అతుక్కుంటుంది. ఆయిల్ తగ్గితే తానే ఆగిపోయే సెన్సార్ కొన్నిటికి ఉంటుంది, మాదానికి లేదు.

అయితే తాడు కదలనంత మాత్రాన ఇంజన్ పోయిందని ఏడవొద్దు. ముందు పళ్లకు చుట్టుకున్న కొమ్మలు తీయండి. బెల్టు విప్పి మళ్లీ లాగండి. అప్పుడు తిరిగితే దోషం గేర్ బాక్సులో ఉంది. తిరక్కపోతే స్పార్క్ ప్లగ్ విప్పి, మొహం దూరంగా పెట్టి లాగండి. బండిని వాల్చి పెట్టినప్పుడు సిలిండర్‌లోకి ఆయిలో పెట్రోలో దిగి ఉంటే బయటికి చిమ్మి, ఇంజన్ వదులవుతుంది. ఇంతా చేసినా కదలకపోతేనే అది సీజైనట్టు.

మా మెకానిక్ "బోరింగ్ చేయిద్దాం" అన్నాడు. పిస్టన్, రాడ్, బోరింగ్, కూలీ లెక్కేస్తే కొత్త ఇంజన్ ధరలో సగం దాటింది. క్రాంక్ గీతలు పడి ఉంటే అదీ వేరే ఖర్చు. అంత పెట్టినా మళ్లీ కోత నాటికి నిలబడుతుందన్న నమ్మకం లేదు. ఇంకొకరు పాత బండి ఇచ్చేసి కొత్తది తీసుకోమన్నారు. మా మాట ఒక్కటే: గేర్ బాక్సు, పళ్లు బాగుంటే ఇంజన్ మాత్రం మార్చండి.

అంగడికి పోయేముందు షాఫ్ట్ మందం, పొడవు, కీ గాడి, కింది నాలుగు బోల్టుల మధ్య దూరం కొలిచి రాసుకోండి. ముప్పావు అంగుళం, 20 మిల్లీమీటర్లు కంటికి ఒకటే. కానీ ముప్పావు అంగుళం అంటే 19.05. ఆ తేడాకే పుల్లీ ఎక్కదు, లేదా ఎక్కి ఊగుతుంది. పాత సామాన్ల అంగడిలో, సీటు మీద కూర్చుని లాన్ కోసే బండి ఇంజన్ చవగ్గా కనిపించినా ఆశపడొద్దు. వాటిల్లో చాలావాటికి షాఫ్ట్ కిందికి దిగి ఉంటుంది, మనకు పక్కకు రావాలి.

ఇంజన్ కోసం ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, బండి ఆగిన రోజు మనం చేసే పనుల వల్లే అసలు నష్టం. కలుపు మందు కొడదామంటారు కొందరు. గాలికి అది ఆకు మీద పడితే, నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఏం పెడతాం? ఇంకొందరు పక్క టమాటా తోట నుంచి వీడర్ అడిగి తెస్తారు. టమాటా వేర్లకు బుడిపెలు కట్టించే నులిపురుగు మల్బరీకీ వస్తుంది, ఆ పళ్లకు అంటిన మట్టితోనే మన తోటకు దిగుతుంది. ఒకసారి దిగితే తీయడం మన తరం కాదు. తప్పక తెస్తే పళ్లు శుభ్రంగా కడిగాకే తోటలోకి దించండి. మేమూ ఒకసారి కడగకుండా తెచ్చాం, అందుకే చెప్తున్నాం.

కొత్త ఇంజన్ మామూలుగా ఆయిల్ లేకుండానే వస్తుంది. పోసి, పుల్ల చూసి, ఆ తర్వాతే తాడు లాగండి. మొదటి 20 గంటలకు ఆయిల్ మార్చండి, తర్వాత ప్రతి 100 గంటలకు. ఈ పని చేసిన చేతులతో చాకీ గదిలోకి పోవద్దు, ముందు సబ్బుతో కడుక్కోండి.