మూటల్లో పుస్తకాల సంచికి చోటేది?

సుగ్గికి పోవడం మనోళ్ల "అలవాటు" అనే పెద్దమనుషులకు మా జవాబు ఇది.

ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి దిక్కున పత్తి తీత అయిపోతూనే మూటలు కడతారు. నెలలకు సరిపడా బియ్యం, జొన్నలు, రొట్టెల పెనం, బిందె, దుప్పట్లు, గుడిసె మీదికి పట్ట. గుంటూరు, పల్నాడు మిరప చేన్ల కాడ ఇల్లు ఎవరిస్తారు? పట్ట కిందే కాపురం. ముసలోళ్లను ఇంటికాడ ఇడిసిపెట్టి, బడి పిల్లోళ్లను బండెక్కిస్తారు.

ఇది అలవాటా? తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు పారే చేన్లున్నోళ్లు ఎందరు మూటలు కడుతున్నారో, వానను నమ్ముకున్న తండాల్లో ఎందరు కడుతున్నారో లెక్క తీయండి. తేడా నీళ్లలో ఉంది, మా నెత్తురులో లేదు.

మిరప కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా. పదో తరగతి పరీక్షలు మార్చిలో. ఇంక శ్రద్ధ లేదని తిడితే ఏం లాభం?

2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు వేరే సర్కారు బడికి మారొచ్చు. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ ముక్క మిరప చేను కాడ ఎవరు చెప్పినారు? 1979 వలస కార్మికుల చట్టమేమో రాష్ట్రం దాటినోళ్లకే రాసినారు. కర్నూలు నుంచి గుంటూరు పోయేటోళ్లు దాని లెక్కలోకే రాలేదు.

మేము అడిగేది రెండే. ఉపాధి పని, చేతికి కూలి మూటలు కట్టకముందే ఇవ్వండి. సీజనల్ హాస్టళ్లు బండ్లు కదలకముందే తెరవండి. ఖాళీ తండాలో హాస్టల్ తెరిచి పిల్లోళ్లు రాలేదంటే ఎట్లా?

చదువుకున్న మనం తండాకు పోదాం. పోయే పిల్లోళ్ల పేర్లు రాసి మండల విద్యాధికారికి ఇద్దాం. రసీదు లేకుండా తిరిగి రావద్దు.