బెంచీ మీది పొడుగాటి పిల్లలు

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల యువజన, క్రీడల అధికారులకు,

కోరుట్లలోనైనా సిరిసిల్లలోనైనా బడి బాస్కెట్‌బాల్ జట్టుకు పొడుగాటి పిల్లవాడు దొరకడమే గగనం. ముగ్గురు దొరికితే ఒక్కడినే సెంటర్‌గా 40 నిమిషాలూ ఆడిస్తాం, మిగతా ఇద్దరికీ నీళ్ల సీసాలు అప్పగిస్తాం. బోర్డు కింద తోపులాటంతా సెంటర్‌దే. నాలుగో క్వార్టర్‌కు వాడి చేతులు మోకాళ్ల మీదికొస్తాయి. కాళ్లు కదలక చేత్తో ఆపబోతాడు, ఐదో ఫౌల్ పడుతుంది, ఆట నుంచి ఔట్. అప్పుడు ఒళ్లు కూడా వేడెక్కని రెండోవాడిని లోపలికి తోస్తాం. ఓడితే నింద వాడికే!

లీగ్ మ్యాచ్‌ల్లో మొదటి సెంటర్‌కు 22 నిమిషాలు, రెండోవాడికి 12, మూడోవాడికి 6 ఇవ్వమని కోచ్‌లకు చెప్పండి. ఆ ఆరూ రెండో క్వార్టర్‌లోనే ఇవ్వాలి, ఆట చేజారాక కాదు. నాకౌట్‌లో కోచ్ ఇష్టం. ఎదుటి జట్టు మరీ చురుకైనదైతే పొట్టివాడినే సెంటర్‌గా నిలబెట్టినా తప్పులేదు.

2015లో డల్లాస్ మావెరిక్స్ ఎంచుకున్న మన సత్నామ్ సింగ్‌ది ఏడడుగుల రెండంగుళాల ఎత్తు. అయినా ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ ఆడలేదు. అక్కడి లెక్కలు వేరనుకోండి. బడి పిల్లలకు మాత్రం ఆ గతి వద్దు.

జిల్లా ఎంపికలకు ముందే సర్క్యులర్ పంపండి. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో రాసే పని పీఈటీలు చూసుకుంటారు.

ఇట్లు,
జగిత్యాల బాస్కెట్‌బాల్ అభిమాని