పుణ్యం రాని ప్రయాణాలు

మన ఇళ్లలో ఆడవాళ్ల ప్రయాణానికి ఏదో ఒక కారణం ఉండి తీరాలి. పెళ్లి, పురుడు, పరామర్శ, లేదంటే మొక్కు. ఇవేవీ కాకుండా 'ఊరికే చూసొద్దాం' అని బయల్దేరితే అత్తగారి దగ్గర్నించి పక్కింటావిడ దాకా సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే నా మాట కొంచెం విడ్డూరంగా తోచవచ్చు. పుణ్యమూ పురుషార్థమూ లేని వింతలు చూడ్డానికి కూడా మనం వెళ్లాలి.

సిమ్లా, మనాలీ వెళ్తూ చండీగఢ్‌లో రైలు దిగే మనవాళ్లు అక్కడి రాక్ గార్డెన్‌ని 'రాళ్లూ రప్పలేగా' అని వదిలేస్తుంటారు. అది కట్టిన నేక్‌చంద్ శిల్పమేమీ చదువుకోలేదు. రోడ్ల ఇన్‌స్పెక్టరు. దేశవిభజనలో సొంతూరు వదులుకొని వచ్చినవాడు. కొత్త రాజధాని కోసం కూల్చిన పల్లెల శిథిలాల్నీ, చెత్తలోని పింగాణీ ముక్కల్నీ సైకిలు మీద మోసుకొచ్చి, ప్రభుత్వ అడవిలో దాచాడు. 1950ల చివర్లో మొదలుపెట్టి, ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు దొంగచాటుగా బొమ్మలు చేస్తూ పోయాడు. అధికారుల కంటపడేసరికి 1975 వచ్చింది. చట్టప్రకారం అన్నీ పీకి పారెయ్యాలి. కానీ జనం విరగబడి చూడ్డంతో 1976లో దాన్ని అందరికీ తెరిచారు. ఆయనకి జీతమిచ్చి, యాభైమంది పనివాళ్లనిచ్చి, అదే పని చేసుకోమన్నారు! 1984లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2015లో పోయారు.

నాకు అన్నిటికన్నా నచ్చినవి గాజుముక్కల బొమ్మలు. గాజు 'పగిలింది' అనడానికి మనకి నోరు రాదు, 'పెరిగింది' అంటాం. ఆ ముక్కలు ఇంట్లో ఉండకూడదని గబగబా ఎత్తి పారేస్తాం. అవే ముక్కలు వేలకొద్దీ పొదిగి ఆయన ఆడబొమ్మలకి బట్టలు కట్టాడు. ఎర్రగా, పచ్చగా బారులు తీరి నిలబడి ఉంటారు వాళ్లు. అశుభమన్న మాటే గుర్తురాదు.

అంతదూరం కుదరకపోతే హైదరాబాద్‌లో జూపార్కు దగ్గర సుధా కార్ల మ్యూజియం ఉంది, 2010లో పెట్టింది. అక్కడ బర్గరు కూడా కారే. మహిళల కోసమని హ్యాండ్‌బ్యాగు, లిప్‌స్టిక్, ఎత్తుమడమ చెప్పు ఆకారాల్లోనూ కార్లు చేశారు. ఆడవాళ్లంటే ఇవేనా అని ఒళ్లు మండుతుంది గానీ ఆ చెప్పు కారు ముందు నవ్వకుండా నిలబడ్డం కష్టం. (రుబ్బురోలు కారు చేసుంటే ఇంకా మండేది.)

గుడికి ధర్మకర్తలుంటారు, కోటకి పురావస్తు శాఖ ఉంటుంది. ఇలాంటివాటికి చూడవచ్చేవాళ్లే దిక్కు. చండీగఢ్‌లో ఆనాడు ఆ బొమ్మల్ని నిలబెట్టింది వాళ్ల ముచ్చటే. అయినా 2025లో హైకోర్టు వైపు రోడ్డు వెడల్పు కోసమని గార్డెన్ గోడ కొంత కూల్చేశారు. ఊళ్లోవాళ్లు నిరసన తెలిపినా ఆగలేదు. 'తర్వాత చూద్దాంలే' అనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

వెళ్తే మటుకు మడమల చెప్పులు వద్దు. దారులు ఎగుడుదిగుడు, గుమ్మాలు పొట్టి, వంగితేగాని దూరలేం. చివర్లో పెద్ద పెద్ద కమానులకి ఉయ్యాలలు వేలాడుతుంటాయి. అవి పిల్లలవి అనుకొని బ్యాగులు కాపలా కాస్తూ కూర్చోకండి. బ్యాగులు మీవారికిచ్చి మీరూ ఎక్కండి.