పన్ను పెట్టించుకుంటే చాలదు, ఎముక నిలవాలి



ఊడిపోయిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకోమని డాక్టర్లు చెబుతున్నారు. "ఇంత డబ్బు పోస్తే ఎన్నేళ్లుంటుంది?" అని మనవాళ్లు అడుగుతారు. ఆ జవాబు చాలావరకు దాని చుట్టూ ఉన్న దవడ ఎముక మీద ఆధారపడి ఉంది.

ఇంప్లాంట్ అంటే టైటానియం లోహంతో చేసిన చిన్న మర. స్వీడన్ దేశపు డాక్టర్ బ్రోనెమార్క్ 1950లలో కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరాన్ని తీయబోతే ఊడి రాలేదు. ఎముక దానికి అతుక్కుపోయింది. 1965లో యోస్తా లార్సన్ అనే ఆయన దవడలో ఇటువంటి మరలు బిగించారు. 2006లో ఆయన చనిపోయేవరకు అవి పనిచేశాయి.

ఇప్పటి మరలను సన్నని గట్టి పొడితో కొట్టి, యాసిడ్‌లో ముంచి గరుకు చేస్తారు. గోడకు గాట్లు పెడితే సిమెంటు బాగా పట్టినట్లే, గరుకు మరను ఎముక త్వరగా పట్టుకుంటుంది. పూర్వం 3 నుండి 6 నెలలు ఆగవలసి వచ్చేది. ఎముక బాగుంటే ఇప్పుడు 6 నుండి 8 వారాలు చాలవచ్చు.

అయితే గరుకుదనం ఎముకను పట్టుకుంటుందే గాని, కాపాడదు. మొదటి ఏడాది ఎముక కొంచెం తగ్గడం మామూలే. తర్వాత ఏడాదికి 0.2 మిల్లీమీటరు కంటే తక్కువే తగ్గాలని నిపుణులు 1986లో ఒక కొలత పెట్టారు. చిగురు కింద పాచి చేరితే అంతకంటే ఎక్కువ కరుగుతుంది. గరుకు భాగం బయటపడితే పాచి అక్కడే గట్టిగా పట్టి, శుభ్రం చేయడం కష్టమవుతుంది. తరచుగా నొప్పి కూడా ఉండదు. మర కదిలే నాటికి ఆలస్యమైపోతుంది.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తునికాకు, బీడీల పని ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టింది. కాని బీడీ పొగ చిగుళ్లకు రక్తప్రసరణ తగ్గించి, ఎముకను బలహీనపరుస్తుంది. అదుపులో లేని షుగరు కూడా అంతే.

కనుక ఇవి పాటించండి:

1. ఇంప్లాంటుకు ముందే బీడీ, సిగరెట్, గుట్కా మానండి. మళ్లీ మొదలుపెట్టకండి.
2. షుగరు పరీక్ష చేయించుకోండి.
3. రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో తోమి, పళ్ల సందులు కూడా శుభ్రం చేసుకోండి.
4. నొప్పి లేకున్నా డాక్టరు చెప్పిన గడువుకు వెళ్లి, అవసరమైతే ఎక్స్‌రే తీయించుకోండి.
5. చిగురు నుండి రక్తం, చీము కనబడితే వెంటనే చూపించండి.

ఇవి చేయలేమనుకుంటే అప్పు చేసి ఇంప్లాంట్ పెట్టించుకోకండి. తక్కువ ఖర్చులో తీసి పెట్టుకునే కట్టుడు పళ్లున్నాయి. ఏది మంచిదో డాక్టరును అడిగి, ఇంట్లో అందరూ ఆలోచించి నిర్ణయించుకోండి.