అంకె ఒకటి, అక్షరాలు రెండు

ఆర్కాన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ వాల్‌మార్ట్ సంస్థకు ప్రధాన స్థానం. ఆ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కంప్యూటరు వృత్తి సర్వసాధారణం. 2000 సంవత్సరపు తేదీల సమస్యను సరిదిద్దేందుకు 1990 దశకంలో అమెరికాకు వచ్చిన తెలుగు ఇంజనీర్లలో పలువురు కోబాల్ భాషను, మెయిన్‌ఫ్రేమ్ యంత్రాలను నమ్ముకొని వచ్చినవారే. ఆ తరానికి అనుభవంతో అబ్బిన ఒక పాఠం తరువాతి తరానికి అందవలసి ఉన్నది.

కంప్యూటరు అక్షరాలను ఎరుగదు. దానికి తెలిసినవి అంకెలే. ఏ అంకె ఏ అక్షరమో చెప్పేది సంకేత పట్టిక. 1963లో ఆస్కీ పట్టిక వెలువడగా, 1964లో ఐ.బి.ఎం. సంస్థ తన సిస్టమ్/360 యంత్రాలతో ఎబ్సిడిక్ అనే వేరొక పట్టికను ప్రవేశపెట్టింది. ఆంగ్లంలోని పెద్ద 'ఏ' ఆస్కీలో 65, ఎబ్సిడిక్‌లో 193. క్రమంలో పేర్చినప్పుడు ఆస్కీలో అంకెలు అక్షరాలకు ముందు వస్తాయి. ఎబ్సిడిక్‌లో వెనుక వస్తాయి.

హెర్క్యులిస్ వంటి సాఫ్ట్‌వేరు నేడు సామాన్యమైన కంప్యూటరు మీదనే మెయిన్‌ఫ్రేమును అనుకరిస్తున్నది. దాని కన్సోలు మీద నొక్కిన ప్రతి మీటా ఒక పట్టిక నుండి మరొక పట్టికకు మారవలసినదే. చిక్కు అంతా విశేష చిహ్నాలతోనే. ఎబ్సిడిక్‌లోనే పలు ఉపపట్టికలున్నాయి. ఎడమవైపు చదరపు కుండలీకరణం 037 పట్టికలో 186, 1047 పట్టికలో 173. కన్సోలు 037ను వాడి, 'సి' కంపైలరు 1047ను ఆశించినచో, తెరపై నిర్దోషంగా కనిపించే ప్రోగ్రాము తిరస్కృతమవుతుంది. పోయేటప్పుడు జరిగిన పొరపాటును వచ్చేటప్పుడు అదే పట్టిక కప్పిపుచ్చుతుంది కనుక చూసేవారికి తప్పు కానరాదు.

తెరపై చదువగలిగితే చాలదా అని కొందరి వాదం. చాలదు. కోబాల్ రికార్డులలో ఒక్కొక్క బైటుకు రెండంకెల చొప్పున కుదించిన మొత్తాలుంటాయి. వాటిని కూడా అక్షరాలుగా భావించి మార్చినచో పేర్లు సరిగానే ఉండి, డబ్బు లెక్కలు మాత్రం చెడిపోతాయి.

ఈ కష్టం తెలుగు లిపికి కొత్తది కాదు. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినప్పటికీ, అటుపై అనేక సంవత్సరాలు ఒక్కొక్క ఫాంటు తన సొంత పట్టికనే వాడింది. ఆనాడు కూర్చిన పుట, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గీతలుగా తేలుతుంది. తెలుగు సంఘాల పాత సంచికల ఫైళ్ళకు సైతం ఈ ముప్పు ఉన్నది.

కనుక ప్రతి ఫైలుతోపాటు దాని పట్టిక పేరునూ వ్రాసి ఉంచాలి. పరీక్షించేటప్పుడు తెరను కాక లోపలి అంకెలను చూడాలి. ఏ భాగం అక్షరమో ఏది సంఖ్యో తేల్చుకొనకుండా మార్పిడికి పూనుకొనరాదు. ఆ పట్టికలు తెలిసిన బెంటన్‌విల్ పెద్దలు ఉద్యోగ విరమణకు ముందే వాటిని కాగితం మీద పెట్టినచో, అది రాబోవు తరానికి మిగిల్చిన నిజమైన ఆస్తి కాగలదు.