మొహెంజొదారో కాల్వ ఎవరు ఎత్తిండ్రు?

బడి పుస్తకంలో సింధు నాగరికత పాఠం రాగానే మురుగుకాల్వల గొప్ప మొదలవుతుంది. గొప్పే, కాదనం. నాలుగున్నర వేల ఏళ్ల కిందట మొహెంజొదారోలో చాలా ఇళ్లకు స్నానపు గది, వీధి పొడుగునా కాల్చిన ఇటుక కాల్వ, దాని మీద మూత. బావులే ఏడువందల దాకా ఉండేవని లెక్కగట్టారు.

మరి ఆ మూతలను అతికించలేదెందుకు? ఎప్పటికప్పుడు లేపాలి గనక. మడ్డి దిగడానికి మధ్యమధ్య గుంతలు కట్టారు. కాల్వ పక్కన ఎత్తిపోసిన మడ్డి కుప్పలు కూడా తవ్వకాల్లో బయటపడ్డాయి. అంటే ఎవరో ఒకరు మూత లేపి, నడుం వంచి ఎత్తిండ్రన్నమాట. ఇన్నేండ్లుగా మేం చెప్పిన పాఠాల్లో ఆ మనిషి మీద ఒక్క వాక్యం లేదు.

హరప్పాలో చిన్నచిన్న ఇళ్లు రెండు వరుసల్లో దొరికాయి. మార్టిమర్ వీలర్ దొర వాటిని 'కూలీ లైన్లు' అన్నాడు. దగ్గర్లో ఉన్న పెద్ద కట్టడానికి ధాన్యపు కొట్టు అని పేరొచ్చింది. గింజలు దాచిన ఆనవాలే లేదని తర్వాతి పండితులు అనుమానపడ్డారు. దొర తన కాలంలో చూసిందే అక్కడా చూశాడని మా అనుమానం.

అట్లని అప్పుడే కులం ఉందని మేం అనం. ఆ రాత ఇంకా ఎవరికీ కొరుకుడు పడలేదు. ఇది రాజు మేడ, ఇది గుడి అని గట్టిగా చెప్పగలిగిన కట్టడమూ లేదు. మనువుకు ముందు అంతా సమానమేనని మురిసే మిత్రులు మనలోనూ ఉన్నారు. వాళ్లకూ ఇదే మాట: మట్టి చెప్పినంతే చెబుదాం.

ఇక మన కాలం. పాకీపని వద్దని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం. అయినా మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక చచ్చేది మనవాళ్లే. ఊళ్లో సిమెంటు కాల్వ పెద్దిళ్ల ముందు మొదలై వాడ మొగదల ఆగిపోతుంది. మురుగు మాత్రం ఆగదు, మన గుమ్మాల్లోకే వస్తుంది.

సంఘం కార్యకర్తలారా, టేపు పట్టుకుని మీ ఊరి కాల్వ కొలవండి. ఎవరింటి ముందు మొదలైంది, ఎక్కడ ఆగింది, ఎవరు ఎత్తుతున్నారు, వాళ్లకు కూలి ఎంత, ఎవరిస్తున్నారు - రాసి వచ్చే సంచికకు పంపండి. పంచాయతీకి ఇచ్చే అర్జీకి ఆ కాగితమే జతచేద్దాం.